రెడ్డెమ్మ ఆవు మెడ మీద గడ్డ

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, మార్చి నెలలో, నన్ను ఐరాల మండలానికి పశువైద్యాధికారిగా వేశారు. చేరిన వారానికే గాలికుంటు టీకాల పని మొదలైంది. అప్పటికే కొండ అవతలి ఊళ్ళో పశువులు నోళ్ళు పుండ్లుపడి, గిట్టలు చీలి కుంటుతున్నాయి.

ఒక పల్లెలో మొదటి పూట సగం పశువులకు టీకా వేశాం. ఏమన్నా అవుతుందా అని అడిగిన ప్రతి ఒక్కరికీ "ఏమీ కాదు" అన్నాను. మిగతా సగానికి వేయాలని మూడో రోజు వెళితే ఒక్కరూ ఆవును బయటికి తేలేదు. రెడ్డెమ్మకున్నది ఒకే జెర్సీ ఆవు. దాని మెడ మీద గడ్డ లేచింది, పాలు తగ్గాయి. ఆమె మరిది మునిరత్నం వాత పెట్టడానికి కొడవలి కాలుస్తున్నాడు.

"ఏమీ కాదంటివే సార్! మరి ఇదేంది, తిరపతి లడ్డా?" అన్నాడు.

వాత పెడితే గడ్డ నిజంగానే చీము పడుతుంది. ఆపమని బతిమాలాను. టీకాలో ఉండేది చంపేసిన వైరస్. అది ఇక పెరగదు, రోగం తెప్పించదు. ఉత్తదే ఎక్కిస్తే ఒళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోదు. అందుకే శుద్ధిచేసిన నూనెలో కలుపుతారు. ఆ నూనె సూది దిగినచోట నిలిచి, మందును కొంచెం కొంచెంగా వదులుతూ రక్షక కణాలను అక్కడికి రప్పిస్తుంది. అవి గుమిగూడినప్పుడు వచ్చేదే ఆ వాపు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పాలు తగ్గడమూ కొద్ది రోజులే. ఇదంతా నాకు ముందే తెలుసు.

నా భయం వేరే. శుభ్రం లేని సూదితోనూ గడ్డ వస్తుంది. పశువుకొక సూది మార్చానని నా సహాయకుడు చెప్పాడు గానీ, ప్రతిసారీ నేను చూడలేదు. గడ్డను నొక్కి చూశాను. గట్టిగా ఉంది, వేడి లేదు. చీము కాదనిపించింది, అంతే.

"గడ్డ వస్తాదని ముందే చెప్పింటే నేనేమన్నా వద్దంటానా?" అంది రెడ్డెమ్మ. "పది దినాలు సూస్తా. తగ్గకుంటే మళ్ళా ఈ పక్క రావద్దు సార్."

రోజూ వెళ్ళాను. "వచ్చినాడప్పా గడ్డ డాక్టరు" అనేవాడు మునిరత్నం. ఎనిమిదో రోజు దాకా మార్పు లేదు. పదో రోజుకు గడ్డ సగమైంది. రెడ్డెమ్మే ఇల్లిల్లూ తిరిగి ఆవులను బయటికి తెప్పించింది. ఈసారి గడ్డ సంగతి, పాల సంగతి చెప్పి వేశాం. ఇద్దరు వద్దన్నారు.

వారానికి గాలికుంటు ఊళ్ళోకి వచ్చింది. మొదటి పూట టీకా పడినవి నిలిచాయి. తర్వాత వేసినవాటికి బలం రావడానికి ఇంకా వ్యవధి కావాలి, అది దొరకలేదు. చాలా పశువులు కుంటుపడ్డాయి. అలా ఆలస్యంగా టీకా పడిన మునిరత్నం ఆరు నెలల పెయ్య చచ్చిపోయింది.

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి. నిజం చెబితే జనం పారిపోతారని నేనూ ఒకటి నమ్మాను. దానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. ఆ నమ్మకం ఖరీదు పది రోజులు, ఒక పెయ్య.