పర్వత్ పాటియా వంటింట్లో లినక్స్

మొన్న మా ఆఫీసులో, కొత్తగా చేరిన అమ్మాయి నల్లటి తెర మీద తన మొదటి కమాండు టైపు చేసి, జవాబు రాగానే చిన్నగా కేక వేసి, అందరూ చూస్తున్నారేమోనని చేత్తో నోరు మూసుకుంది. నేను విననట్టే కూర్చున్నాను గానీ, ఆ తర్వాత నా మనసు పల్సానాలోని ఆ ఏసీ గదిలో ఉంటే ఒట్టు. మేము బతుకుతెరువుకొచ్చిన ఈ బట్టల మిల్లుల ఊళ్లో, కరోనా రోజుల్లో పర్వత్ పాటియా పేటలో మేమున్న ఇంటి వంటగట్టు దగ్గరికి పరుగెత్తింది.

మీలో నలభై దాటాక కొత్త చదువు మొదలుపెట్టినవాళ్లుంటే నా సంబరం మీకు తెలుస్తుంది. అప్పటిదాకా నాది ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టే పని, మా ఆయనది మగ్గాల కార్ఖానాలో పని. లాక్‌డౌన్‌తో రెండూ ఆగిపోయాయి. దానికి తోడు దుమ్ముకు మా ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయనీ, కార్ఖానా తెరిచినా మళ్లీ అటు వెళ్లొద్దనీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇక ఇంటి భారం నాది. ఇంటరుతో ఆపేసిన నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు?

మా పిన్ని కొడుకు హజీరాలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసేవాడు. బయట తిరగనివ్వగానే తన పాత కంప్యూటరును స్కూటరు మీద తెచ్చి మా ఇంట్లో దించి, అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఎక్కించాలో, దాన్ని ఎలా నడపాలో ఫోనులోనే నేర్పుతూ వచ్చాడు. వంటగట్టు మీద బియ్యం డబ్బాను జరిపి దానికి చోటిచ్చాం. ఒక పక్క పప్పు ఉడుకుతుంటే, ఎవరు ఏ ఫైలు తెరవొచ్చో అనుమతులివ్వడం, హిందీ వీడియోలు చూస్తూ పైథాన్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం, అదే నా లోకమైంది. చీరల లెక్క వేసే ప్రోగ్రాము మొదటిసారి సరైన జవాబిచ్చిన పూట కూర మాడిపోతున్నా పట్టించుకోక గంతులేస్తుంటే అత్తమ్మ లేచి వచ్చింది.

"ఏందే, గంత సంబురమేంది?"

"లెక్క తప్పులేకుండ వచ్చింది అత్తమ్మా!"

"అట్లనా! జర నాకు గూడ సూపెట్టు," అని కళ్లద్దాలు వెతుక్కుంది. అర్థమైందో లేదో గానీ, కిటికీలోంచి పక్కింటావిడకు "మా కోడలు చెప్పినట్టు కంప్యూటర్ ఇంటది" అని గొప్పగా చెప్పుకుంది.

ఒకరోజు తప్పు కమాండు కొట్టి అన్నీ చెరిపేశాను. తెర మీద ఏమీ రాలేదు. ఏడుస్తూ ఫోను చేస్తే తమ్ముడు పకపకా నవ్వాడు. "మంచిగైందక్కా! ఇప్పుడు నువ్వే మళ్ల ఎక్కించు, గప్పుడే పని వస్తది." ఎవరినీ అడగకుండా ఎక్కించాను. ఆ దెబ్బతో యంత్రమంటే భయం పోయింది.

ఆ తర్వాత పల్సానాలో ఒక అద్దకం మిల్లులో కంప్యూటర్లు చూసే మనిషి సొంతూరికి వెళ్లి తిరిగి రాలేదని తెలిసి, తమ్ముడు నా పేరు చెప్పాడు. ఫోనులో వీడియో ఇంటర్వ్యూ. డిగ్రీ లేదనగానే మిల్లు యజమాని సేఠ్ ముఖం వాడిపోయింది. అంతలో బిల్లింగ్ మళ్లీ ఆగిపోయిందని వెనకనుంచి గుమాస్తా అరిచాడు. సేఠ్ మళ్లీ నా వైపు తిరిగి, "ఇది బాగుచేయగలవా, బెన్?" అని, ఇక్కడ అక్కచెల్లెళ్లను పిలిచే మాట కలిపి హిందీలో అడిగాడు.

మా ఆయన ఫోను పట్టుకుంటే, నేను వాళ్లు చెప్పిన పాస్‌వర్డుతో ఇంటి నుంచే వాళ్ల సర్వర్‌లోకి వెళ్లాను. వెతికితే, యంత్రం తన పనుల చిట్టా రాసుకునే పాత లాగ్ ఫైళ్లు పేరుకుపోయి డిస్కు నిండిపోయింది! వాటిని ఖాళీగా ఉన్న ఇంకో డిస్కుకు తరలించి బిల్లింగును మళ్లీ నడిపించగానే, ఫోనులోంచి ప్రింటరు గరగరలాడిన చప్పుడు వినిపించింది. జన్మలో అంత తీయని చప్పుడు వినలేదు. సేఠ్ నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు. మా ఆయన ఫోను పెట్టేసి, "గెలిచినవే!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మిల్లు సర్వర్లు ఎక్కడో దూర నగరంలో ఉంటాయి, సగం చిక్కులు వాటంతటవే సర్దుకుంటాయి. మా ఆయన చీరల దుకాణంలో కుదురుకున్నాడు. అత్తమ్మ మా మధ్య లేదు. పెద్ద చిక్కేదో విప్పి ఇంటికొచ్చి చెబితే "మంచిగైంది, తిందాం రా" అంటాడాయన. తప్పేముంది, చేతనైన పనికి రోజూ ఎవరు సంబరపడతారు? కానీ ఏమీ రాని ఆ రోజుల్లో, ప్రోగ్రాములో ఒక్క వరుస సరిగ్గా పనిచేసినా ఇల్లంతా చేతిలో పని వదిలేసి నా వెనక నిలబడి చూసేది. వెనక అలా ఊపిరి తగులుతూ ఉండగా పనిచేయడం ఎంత బాగుండేదో, ఇప్పుడు తెలుస్తోంది.