చిన్నత్త సంబంధాల ఫోటో

మా చిన్నప్పుడు... ఫిలింనగర్‌లో మా డాబా మీద, మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో మా చిన్నత్త పట్టుచీర కట్టుకుని నిలబడింది. సంబంధాలకు పంపే ఫోటో తీయించుకోవడానికి.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. నాన్న సినిమాలకు కాస్ట్యూమర్. భీమవరం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. డాబా మీది గదిలో మాథ్యూ గారు అద్దెకుండేవారు. కేరళ ఆయన... సినిమాలకు స్టిల్ ఫోటోలు తీసేవారు.

"ఇంట్లో ఇంత ఫోటోగ్రాఫర్ని పెట్టుకుని స్టూడియోకెందుకే?" అంది మా నాన్నమ్మ. పెళ్ళికాని పిల్ల ఒక్కతే వెళ్ళకూడదని నన్ను తోడిచ్చి పంపింది.

నాన్నమ్మకు తెలియనిదల్లా ఒక్కటే. అత్తకూ ఆయనకూ ఒకరంటే ఒకరికి ప్రాణం. నాకు తెలుసు... ఆరేసిన బట్టలు తెస్తానంటూ రోజుకు నాలుగుసార్లు మేడెక్కేది మహాతల్లి!

"ఫోటో బాగా రాకూడదు. మీకు దణ్ణం పెడతాను. ఈ తణుకు సంబంధం తప్పిపోతే, ఈలోగా అన్నయ్యతో ఎలాగోలా మన సంగతి చెబుతాను" అంది అత్త. ఆయన సరేనన్నారు.

అందుకే ఆ ఎండలో నిలబడటం. కళ్ళు చికిలించి, ముఖం మీద నల్లటి నీడలు పడి, దయ్యంలా రావాలని.

ఆయన కెమెరాలోంచి చూశారు... దించేశారు. మళ్ళీ చూశారు. "ఆ గోడ నీడలోకి రండి" అన్నారు. గడ్డం కాస్త దించమన్నారు.

"ఇదేంటండీ?" అంది అత్త.

"చెడ్డగా తీయడానికి నాకు చెయ్యి రావడం లేదు" అన్నారు.

అత్త సిగ్గుపడి నవ్వింది. సరిగ్గా అప్పుడే నొక్కారు.

రహమత్ నగర్ నుంచి మా ఇంటికి పనికొచ్చే యాదమ్మ ఆ ఫోటో చూసి, "గిట్లుంటే ఎవలు వద్దంటరమ్మా?" అంది. ఎవరూ వద్దనలేదు మరి. తణుకు వాళ్ళు వారం తిరక్కుండా ఫోన్ చేశారు. పిల్ల నచ్చిందట, పెళ్ళిచూపులు ఆనవాయితీ కోసమేనట. వచ్చారు, కాఫీలు తాగారు, తాంబూలాలు పుచ్చుకున్నారు.

అత్త ఏడవలేదు. మాథ్యూ గారు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

నాకు అత్త పెళ్ళిలో తిన్న లడ్డూలే గుర్తున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కోపం రావాలి, రాదు. అత్త మీద జాలి రావాలి, అదీ రాదు... లోపలెక్కడో మొద్దుబారిపోయింది. మామయ్య మంచివాడు. అదీ చెప్పాలి.

మొన్న ఆదివారం వెంగళరావు నగర్‌లో అత్తావాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి ఇడ్లీ తింటూ తింటూ చెప్పేసింది... "అమ్మా, నాన్నా, మా ఆఫీసులో పంజాబీ అబ్బాయిని చేసుకుంటాను."

మామయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. అబ్బాయి కారం తింటాడా అని! అంతే. ప్లేట్లు ఎత్తకముందే పెళ్ళి ఖాయం.

వంటింట్లో అత్త, నేను మిగిలాం. గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది... "మా అమ్మనీ, అన్నయ్యనీ నేను ఒక్కసారి కూడా అడగలేదే. వద్దంటారని నాకు నేనే అనేసుకున్నాను."

ఇంకో గిన్నె అందించాను.

ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాను. అప్పుడు అత్త అడిగుంటే ఒప్పుకునేవాడివా అన్నాను.

"ఇప్పుడు అడిగితే, ఒప్పుకునేవాణ్ణనే అంటాను కదమ్మా..." అన్నాడు నాన్న.

ఈ కాలం పిల్లలు ఇడ్లీ తింటూ అడిగేస్తున్నారు. మీ ఇళ్ళల్లో కూడా... అడగకుండానే ఉండిపోయిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా?