నాన్న సానరాయి, నా బలపం

మంగళవారం. బట్టలు ఉతికాను, దోసె పిండి రుబ్బాను. అటక దులపడం మాత్రం సగంలో ఆగింది, మా నాన్న పాత సానరాయి దొరికింది. మధ్యలో గాడి అలాగే ఉంది.

గడ్డం కత్తికి నాన్న రాయి ఎంచే తీరు మీరు చూడాల్సింది. నా చిన్నప్పుడు పుంగనూరు సంతలో ఒక్కో రాయినీ తడిపి, కత్తి నూరి, ఎడమ ముంజేతి వెంట్రుకలు గొరిగి చూశారు. మూడో రాయికే చెయ్యి నున్నగా అయిపోయింది.

"ఇంగా రెండు రాళ్లుండాయి సామీ, కుడిచెయ్యి కూడా గొరుక్కుంటావా?" అన్నాడు రాళ్లమ్మే ఆయన.

ఎంచిన రాయికి మాత్రం వంక పెట్టలేం. పలక పట్టిన మీకు గుర్తుండే ఉంటుంది, బలపానికి మొన తేలడం ఎంత కష్టమో! గచ్చు మీద రాని మొన ఆ రాయి మీద వచ్చింది. నెలపాటు దొంగచాటుగా అరగదీశాను. గాడి పడింది.

కుప్పంలో మా మేనత్త పెళ్లినాడు, ఆ గాడిరాయి మీద నూరిన కత్తితో గడ్డం గీసుకుంటే నాన్న చెంప తెగింది. పెళ్లి ఫోటోలో ఆయన చెంపకు దూది ఉంటుంది. మరుసటి సంతలో, "గుల్లరాయి అంటగట్టినావు కదప్పా!" అని నాన్న తగువుకు దిగితే, పాపం రాళ్లాయన కొత్తరాయి ఊరికే ఇచ్చాడు. నిజం చెబితే వీపు చిట్లుతుందని నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్న నాన్నకు రాయి చూపించి, అంతా చెప్పేశాను.

"ఆ పొద్దే తెలుసు లేమ్మా. గాడినిండా బలపం పిండే ఉన్నింది."

"మరి ఆయప్పతో యాల కొట్లాడినావు నాయనా?"

"నీ వీపు పగలగొడితే కొత్తరాయి వస్తాదా?"

నా బాకీ చెల్లు. రాళ్లాయన బాకీ ఇక నాన్న పద్దులో రాశాను.