ఇంజను దించిన బావి

మా ఇంట్లో అమ్మ పిలిస్తే ఒక్క పిలుపుకే పలకాలి. అన్నం తింటున్నా, నీళ్ళు పోసుకుంటున్నా పలకాల్సిందే. కాస్త ఆలస్యమైతే చేతిలో పని అక్కడే పడేసి పరుగెత్తుకొస్తుంది. నేను మద్రాసులో ఉద్యోగంలో చేరాక ఫోనులోనూ అంతే. ఒక్క క్షణం నా మాట వినపడకపోతే "ఏరా, ఉన్నావా?" అని కేక పెడుతుంది. ఆ కేకకి ఎస్టీడీ బూత్ బయట నిలబడ్డవాళ్ళు కూడా నావైపు తిరిగి చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అన్న పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఈ అలవాటు. కొడుకు పోయిన తల్లి కదా, భయం అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి.

అన్న జాతకంలో జలగండం ఉందని పుట్టినప్పుడే పంతులుగారు చెప్పారట. ఆ ఒక్క మాటతో అమ్మ అన్నని వాగులోకి దిగనివ్వలేదు. ఊళ్ళో పిల్లలమంతా వీపుకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే, అన్న గట్టు మీద మా చొక్కాలు కాపలా కాస్తూ కూర్చునేవాడు. ఎగతాళి చేస్తే నవ్వేసేవాడు గానీ, ఇంటికొచ్చాక అమ్మతో మాట్లాడేవాడు కాదు. మీసాలొచ్చాక కూడా ఈ విషయం మీద వాళ్ళిద్దరికీ పోట్లాటే.

మాది అద్దంకి అవతల మెట్ట. మిరప అయినా పత్తి అయినా బావి నీళ్ళ మీదే బతకాలి. తొంభైల చివర్లో వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. గట్టు మీద కూర్చున్న ఆయిల్ ఇంజను అంత లోతు నుంచి నీళ్ళు లాగలేదు. అందుకని మావైపు అందరూ ఇంజనుకి మోకులు కట్టి బావిలోకే దించేశారు. లోపల నీళ్ళకి కాస్త పైన ఒక అరుగు ఉంటుంది. దాని మీద ఇంజను కూర్చోబెట్టి, మెట్లు దిగి హ్యాండిల్ తిప్పి పైకి వచ్చేసేవాళ్ళు. పొగ సంగతి ఎవరూ అనుకోలేదు. పొగ పైకే కదా పోతుంది!

ఆ రోజు మిరపకి నీళ్ళు పెట్టడానికి అన్న దిగాడు. పైపు కారుతున్నట్టుంది, ఇంజను ఆడుతుండగానే పైపుకి ట్యూబు ముక్క చుడుతూ లోపలే ఉండిపోయాడు. సగం చుట్టిన ట్యూబుని తర్వాత అందరం చూశాం. డీజిల్ అయిపోయి ఇంజను ఆగినా అన్న పైకి రాలేదు. పక్క చేలోవాళ్ళు ఇద్దరు దిగి చూస్తే నీళ్ళలో ఉన్నాడు. పైకి తెచ్చి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. గుక్కెడు నీళ్ళు కూడా కక్కలేదు. దిగిన ఇద్దరూ తలలు పట్టుకుని వాంతులు చేసుకుంటే, శవాన్ని చూసి జడుసుకున్నారన్నారు. అన్న బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "పెళ్ళికొడుకులా ఉన్నాడే తల్లీ" అని ఒక ముసలావిడ ఏడ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతే కోస్తారని అమ్మ కదలనివ్వలేదు.

జలగండం అన్నారు ఊళ్ళో. అమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేది. "ఈత నేర్చుకోనిస్తే బతికేవాడు. గండం గండం అని నేనే చంపుకున్నా." చాకలామె దగ్గరా అదే మాట, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరా అదే మాట. ఏళ్ళు గడిచినా ఆ మాట అరగలేదు. అది వినలేక నేను పండగలకి కూడా ఊరికి వెళ్ళడం తగ్గించాను.

నాకు నీళ్ళ మీద పగ పుట్టింది. ఇంతకంటే మంచి మాట నాకు దొరకదు. రెండువేల సంవత్సరం దాటాక, చేతిలో జీతం ఆడుతున్న రోజుల్లో, పాండిచ్చేరి వెళ్ళి స్కూబా నేర్చుకున్నాను. చిన్నప్పుడు సొరకాయ బుర్ర కట్టుకున్న వీపుకే గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి దిగాను. అమ్మకి చెప్పలేదు. అక్కడ గురువు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, తోటివాడు వేళ్ళతో 'బాగున్నావా' అని సైగ చేస్తే వెంటనే జవాబు సైగ చెయ్యాలి. చెయ్యకపోతే ఏదో అయిందనుకుని మీదకి వచ్చేస్తాడు. అచ్చం అమ్మ పద్ధతే అని నీళ్ళలోనే నవ్వొచ్చింది.

ఆ మరుసటి ఏడు మద్రాసులో డైవింగ్ సామాన్ల ఎగ్జిబిషన్ పెడితే వెళ్ళాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తెరవగానే దూరిపోయాను. నల్ల రబ్బరు సూట్లు తొడిగిన బొమ్మలు, బాతు కాళ్ళలాంటి తొడుగులు, అద్దాలు, గాలిగొట్టాలు. తిరునాళ్ళలో పిల్లాడిలా ప్రతిదీ ముట్టుకుని చూశాను. చివర్లో సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ల స్టాలు ఉంది. అక్కడున్నాయన నెల్లూరు మనిషి. నా యాస పట్టుకుని వెంటనే తెలుగులోకి దిగాడు.

"ఇది కొన్నవాళ్ళకి ముందు చెప్పేది ఒకటేనండీ. ఇంజను పొగ ఎటు పోతుందో చూసుకోండి. ఆ పొగలో ఒక విషగాలి ఉంటది. దానికి రంగుండదు, వాసనుండదు. సిలిండర్లోకి పోయిందా, నీళ్ళ లోపలున్న మనిషి పని అయిపోయినట్టే."

"ఊపిరాడక గిలగిల్లాడతారా?"

"ఆడితే బాగుండు, పైకన్నా వస్తారు. తల దిమ్మెక్కి మగత కమ్ముతదండీ. అట్టా నిద్రలోకి పోతారు. పోయినాక కూడా మొహం ఎర్రగా, కళగా ఉంటది కొందరికి."

నా చెయ్యి కంప్రెసరు మీద ఉంది. తీసేశాను.

"బావిలో ఇంజను పెడితే?"

"మావైపూ దించారు కదండీ, కరువులో! పొగ పైకి పోతుందనుకుంటారు. గుంటలో అది పోదు, పేరుకుంటది. ఎవరన్నా చూసి తొందరగా పైకి లాగితే బతికినోళ్ళూ ఉన్నారు."

కాళ్ళకి తొడుగులు వేసి చూసుకునే కుర్చీ ఒకటి పక్క స్టాల్లో ఉంటే అందులో కూలబడ్డాను. కొనడానికొచ్చాననుకుని ఆ స్టాలువాళ్ళు నా సైజు అడిగారు. ఏడుస్తున్న మనిషిని సైజు అడిగి పాపం వాళ్ళూ ఇబ్బంది పడ్డారు. నాకు మాత్రం ఏడుపుతోపాటు ఏదో బరువు దిగుతోంది. అన్నని చంపింది నీళ్ళు కాదు. ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఈ మాట అమ్మకి చెప్పాలి.

ఆ వారమే రైల్లో చీరాల దిగి బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి అమ్మ కళ్ళంలో ఎండిన మిరపకాయల ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. మొహానికి తువ్వాలు చుట్టుకుంది, ఘాటుకి. నేను ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు ఏరి, దగ్గుకుంటూ మొత్తం చెప్పాను. పొగ, మగత, ఎర్రటి బుగ్గలు, దిగినవాళ్ళ వాంతులు.

"ఈత వచ్చినా బతికేవాడు కాదమ్మా. నీ తప్పేం లేదు. ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దు."

అమ్మ చేతులు ఆగలేదు. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్కకి.

"నొప్పి తెలవలేదంటావా?"

"తెలిసుండదమ్మా. నిద్రపోయినట్టేనంట."

"నిద్రపోయినాక పానం పోవటానికి ఎంతసేపు పట్టుద్దంట?"

ఆమె శాంతిగా అడిగేసరికి నేనూ అలాగే చెప్పేశాను. "అందరికీ ఒకేలా ఉండదంట. తొందరగా పైకి తీస్తే బతికినవాళ్ళు కూడా ఉన్నారంట."

అప్పుడు ఆగాయి చేతులు. తువ్వాలు కిందికి లాక్కుంది.

"క్యారేజీ తీసుకుని పోయి పైనుంచే పిలిచానురా ఆయాళ. ఇంజను ఆడతానే ఉంది. పలకలా. మోతలో వినపళ్ళేదేమో అనుకున్నా. పొద్దున ఈత మీదే మాటా మాటా అనుకున్నాం, అలిగాడేమో అనీ అనుకున్నా. క్యారేజీ గట్టు మీద పెట్టి పత్తి చేలోకి పొయ్యా."

ఈ సంగతి ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ ఈత సంగతి చెప్పుకుంది. చెప్పుకోగలిగింది అదొక్కటే.

"అప్పటికే పోయుంటాడమ్మా" అన్నాను.

"నీకెట్టా తెలుసు?"

నాకు తెలియదు. తల వంచుకుని చేతికి దొరికిన కాయల్ని ఏరుతున్నాను, ఎర్రవీ తాలువీ కలిపేస్తూ. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలోనే కూర్చున్నాను.

"ఏరా" అంది అమ్మ. "ఉన్నావా?"

"ఉన్నానమ్మా" అన్నాను.