దేవరకొండకు దొరికిన చోటు

నేను పోచంపల్లికి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తకు ఒక అలవాటుండేది. ఎవరైనా ఏ ఊరికైనా పోయి వస్తే చాలు, మగ్గం పక్కన కూర్చోబెట్టి, "దూరంకెల్లి చూస్తే ఊరు ఎట్ల కనవడ్డది?" అని అడిగేది. విని, ఊళ్ళకు వరుస కట్టేది. మీనార్లు, గుమ్మటాలు ఉన్నాయని హైదరాబాదు ముందు. బోర్లించిన కుండలాంటి ఒంటిరాతి గుట్ట ఉందని భువనగిరి రెండోది. ఆ తర్వాత నల్గొండ. నా పుట్టినూరు దేవరకొండకు మాత్రం చోటే లేదు.

"మా ఊర్ల కూడ కొండ ఉన్నదత్తా. దాని మీద ఖిల్లా. పొద్దుగూకంగ గోడలన్నీ ఎర్రగైతయి," అన్నాను.

"ఎవరి పుట్టినూరు వాళ్ళకు మంచిగనే ఉంటది పిల్లా. నేనైతే కండ్లతోని చూడలే."

సరే, కండ్లకే చూపిద్దామనుకున్నాను. అప్పుడు భుజాన వేసుకునే రుమాళ్ళ మీద విమానాలు, గడియారాలు కూడా నేసేవాళ్ళు. కొండ ఎందుకు రాదు? మగ్గం మీద తెల్ల పడుగు చివర ఒక్క రుమాలుకు సరిపడా మిగిలిన నూలు నాకిమ్మంటే మా ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. అడ్డంగా నేసే పేకనూలు సాగదీసి, బొగ్గుతో ఖిల్లా గీసి, కొండ ఉన్నంత మేరా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టాను. ఎర్రరంగులో ముంచాను. మా పుట్టింట్లో నేసేవన్నీ సాదా పంచెలే. కట్టిన చోటికి రంగు ఎక్కదని ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను, కొండ ధ్యాసలో అదే మరిచాను.

నేసి చూస్తే లేత ఎరుపు ఆకాశంలో తెల్లటి కొండ!

"ఏందే, మీ కొండకు సున్నం గొట్టిండ్రా?" అన్నాడు మా ఆయన. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా అత్త రుమాలును గుమ్మంలో వెలుతురుకు పట్టింది. మా నేతలో బొమ్మల అంచులు కొంచెం చెదురుతాయి. దాంతో గోడలు పొగమంచులో నిలబడ్డట్టున్నాయి.

"గీ మెట్లు మెట్లుగ ఉన్నయేంది?"

"ఖిల్లా గోడలత్తా. ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కుతయి."

"నిజంగనా?"

"నిజంగనే."

"భువనగిరి ఎంతైనా ఒక్క రాయి. దీంట్ల జర పనితనం ఉన్నది," అంది.

"అయితే భువనగిరిని కిందికి జరుపుతవా అమ్మా?" అని మా ఆయన అడిగాడు.

"జరుపుత."

నాకు ధైర్యం వచ్చింది. "మరి హైదరాబాదునత్తా?"

"దాన్ని ముట్టకు. మా అన్న ఉండేది ఆడనే," అంటూ రుమాలు మడిచి తన భుజాన వేసుకుంది.

నాకు రెండో చోటే చాలనిపించింది.