ఎడం చేత్తో రాసిన లెక్కలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా పాప అప్పుడు మూడో తరగతి. బాగా చదివే పిల్లలకని స్కూల్లో ఒలింపియాడ్ సెక్షన్ పెట్టారు. రోజుకు నాలుగు వర్క్‌షీట్లు. రెండు పూర్తయ్యేసరికే పాప పుస్తకం మీద తల వాల్చేసేది. మిగతా రెండూ పొద్దున్నే, ఇడ్లీ పొయ్యి మీద పెట్టి నేను చేసేదాన్ని. పిల్లల రాతలా వంకరగా ఉండాలని ఎడం చేత్తో రాసేదాన్ని. తప్పని తెలియదా? తెలుసు. ఆ సెక్షన్ నుంచి తీసేస్తే పాప పరువు పోతుందనుకున్నాను. పాప పరువా, నాదా?

పామర్రు నుంచి భవానీపురం కాపురానికొచ్చిన నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు షమీమ్. వాళ్ల ఆయేషా, మా పాప ఒకే బెంచీ. ఆయేషా ఎంత చేస్తే అంతే పంపేది షమీమ్. పిల్లకు క్లాసులో రోజూ తిట్లే. చివరికి పేరెంట్స్ మీటింగులో లేచి, పని తగ్గించమని అడిగింది. గేటు బయట ఆ వర్క్‌షీట్లను తిట్టుకోని తల్లి లేదు. లోపల మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

టీచరు నావైపు తిరిగింది. "మీ పాపకు కూడా కష్టంగా ఉందాండీ?"

"చెప్పక్కా," అంది షమీమ్.

పాప ఫైలు నా ఒళ్లోనే ఉంది. "లేదండీ, మా పాప అన్నీ చేసేస్తుంది," అని తెరిచి చూపించాను.

వారం తిరక్కుండా ఆయేషాను మామూలు సెక్షన్‌కు మార్చారు. షమీమ్ నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు దగ్గర ఎదురైతే "బాగున్నారాండీ" అనేది. అక్కా అనడం మానేసింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆ ఊళ్లో నేను ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడింది లేదు.

బెంచీలో ఒంటరిగా మిగిలిన పాప ఒకరోజు అడిగింది. "అమ్మా, ఆయేషాకి కూడా నువ్వే రాసిపెట్టొచ్చు కదా?"

పాప ఇప్పుడు ఇంటర్. షమీమ్ నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. చేసి ఏమంటాను? క్షమించమని అడిగితే, ఆ పిల్ల తిన్న తిట్లు వెనక్కొస్తాయా? ఆ రోజు ఆ గదిలో అనాల్సిన మాట ఒకటే. ఆ ఫైలులో సగం నేను చేసినవే. అక్కడ అనలేకపోయాను. ఇప్పుడిక్కడ రాశాను, కుడి చేత్తో.