తెర మీద మాట్లాడిన మేడం

ఆఫీసులో లిఫ్టు ముందు నిలబడి ఉండగా మేడం నంబరు నుంచి ఫోన్ మోగింది. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ నంబరు నుంచి మెసేజీలే తప్ప ఫోన్ వచ్చింది లేదు. మాట్లాడలేని మనిషి ఫోన్ ఎందుకు చేస్తారు? ఎత్తకముందే సంగతి తెలిసిపోయింది. అవతల వాళ్ళమ్మగారు. "బిడ్డా, మీ మేడం పోయింది. పొద్దుగాల లేపితే లేవలే" అన్నారు. లిఫ్టు వచ్చి తెరుచుకుని, ఎవరూ ఎక్కకుండానే మూసుకుంది.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండరు. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర, కర్రీ పాయింట్ పైన కిరాయికి తీసుకున్న గదిలో ఆడపిల్లలకు వెబ్ పేజీలు చేయడం నేర్పేవారు. నేను ఇంజనీరింగ్ చదివి, రెండు కోర్సులు సగంలో వదిలేసి, గోపన్‌పల్లి హాస్టల్లో ఉంటూ మూడోదిగా అక్కడ చేరాను. నా మాట వినగానే మా ఊరు ఎటుపక్కో పట్టేశారు. "ఏమ్మా గోదావరీ, ఇది గూడ నడిమిట్ల ఇడిసిపెడ్తవా?"

"లేదండి."

"అండి గిండి తర్వాత. ముందు కూసో."

వెబ్‌సైట్లో ఏదో చదువుకుంటుంటే అడ్డంగా చిన్న పెట్టె లేచి, అవునా కాదా అని అడుగుతుందే, ఆ పాపప్ బాక్సును ఆమె 'డబ్బా' అనేవారు. జావాస్క్రిప్ట్‌లో మాకు మొదటి పాఠం అదే. ఒక్క లైను రాస్తే డబ్బా లేస్తుంది. లేచిందని మేం సంబరపడితే ఆమెకు ఒళ్ళు మండేది. "డబ్బా లేపుడు ఎవలకైనా వస్తది. అడ్డమొచ్చినంక పనేందో చెప్పాలె, జల్ది జరగాలె. చుట్టమొచ్చి గుమ్మంల నిలబడితే ఎట్లుంటది?" ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఓ రోజు కింద కర్రీ పాయింట్ ఆవిడ పప్పు పొట్లం కడుతూ, "ఇయ్యాల బ్రాకెట్ మర్చింది నువ్వేనా?" అని నన్నడిగింది.

ఆ గొంతే ముందు బొంగురుపోయింది. పాఠాలు చెప్పి చెప్పి అలిసిందనుకున్నాం. ఆమె మిరియాల పాలు తాగుతూ నెట్టుకొచ్చారు. దవాఖానకు వెళ్ళేసరికి ఆలస్యమైంది. గడ్డతో పాటు స్వరపేటికనూ తీసేశారు. తల్లీకూతుళ్ళకు ఆ క్లాసు తప్ప వేరే ఆధారం లేదు. మాట పోయిన టీచరుకు క్లాసు ఎలా మిగులుతుంది? సగం మంది వేరే ఇన్‌స్టిట్యూట్లు చూసుకున్నారు.

మిగిలిన వాళ్ళం తలలు వంచుకుని కూర్చున్న రోజు, ఆమె మెడకు చున్నీ చుట్టుకుని వచ్చారు. ల్యాప్‌టాప్‌ను గోడ మీది టీవీకి కలిపి ఒక కీ నొక్కారు. తెర మీద డబ్బా లేచింది.

'ఏంది, ఎవలన్న సచ్చిండ్రా? పుస్తకాలు తీయుండ్రి.'

కింద రెండు బటన్లు: తీస్తం, తియ్యం. ఒకమ్మాయి లేచి వెళ్ళి 'తియ్యం' నొక్కింది. వెంటనే ఇంకో డబ్బా: 'అయితే ఇంటికి వో.' ఆ గదిలో అంత గట్టిగా నవ్వు ఎన్నాళ్ళకో వినిపించింది. ఆమె మాత్రం భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వారు. అది చూశాక మా నవ్వు ఆగిపోయింది.

కీబోర్డులో అక్షరానికో తిట్టు అతికించి పెట్టుకున్నారు. కొత్త మాట కావాలంటే అప్పటికప్పుడు రాసేవారు. ఏ కీకి ఏ డబ్బా లేవాలి, బటన్ నొక్కితే తర్వాత ఏం జరగాలి, ఆ కోడే మాకు పాఠం. ఆమె మాట్లాడటాన్నే విప్పి చూపించి నేర్పారు. ఓసారి కీబోర్డు మీద ఛాయ్ ఒలికి ఏదో కీ ఇరుక్కుపోయింది. 'సమజైందా?' అనే డబ్బా ఒకదాని మీద ఒకటి లేస్తూనే ఉంది. మాకెవరికీ ఏమీ సమజు కాలేదు.

అన్నీ నవ్వులే కావు. ఒకమ్మాయి తల్లి వచ్చి, "మాటే రాని మేడం గారు పాఠం ఎలా చెబుతారండీ? ఏమీ అనుకోకండి" అంది. టీవీ మీద డబ్బా: 'నా గొంతు పోయింది. జావాస్క్రిప్ట్ పోలే.' కింద ఒకటే బటన్: సరే. ఆవిడ చదివి, మౌస్ పట్టుకుని భయంభయంగా 'సరే' నొక్కి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. మేడం చాలాసేపు ఏ కీ ముట్టుకోలేదు.

తర్వాత ఆ గది వదిలేసి, క్లాసును ఇంటి ముందు గదిలోకి మార్చారు. నేను మొదలుపెట్టి పూర్తి చేసిన కోర్సు అదొక్కటే. ఉద్యోగం వచ్చాక చూడటానికి వెళ్తే, జబ్బు తిరగబెట్టి మంచం మీద ఉన్నారు. ఒళ్ళో ల్యాప్‌టాప్. 'నౌకరి మల్ల మారినవా?' బటన్లు: మారిన, ఇంకా లేదు. నా సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు! 'ఇంకా లేదు' నొక్కాను. వేలితో నా నుదుటి మీద చిన్నగా పొడిచారు.

దినాలైన సాయంత్రం అప్పటి క్లాసు వాళ్ళం ముగ్గురం ఆ ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మగారు టీవీ వైపు చూపించారు.

"నాకు సదువు రాదు. నాతోని చేతులతోటే మాట్లాడేది. మీతోటి గా టీవీల ఏం ముచ్చట వెట్టేదో, జర వినిపియ్యుండ్రి."

ల్యాప్‌టాప్‌లో రాతను చదివి వినిపించే గొంతు ఉంటే పెట్టాను. వార్తలు చదివినట్టు చదివింది. ఆమె మొహం చిట్లించారు. "గిదెవ్వరు? బంద్ వెట్టు." దాంతో ఒక్కొక్క కీ నొక్కుతూ మేమే చదవడం మొదలుపెట్టాం. తిట్టు తిట్టుకూ ఆమె తల ఊపారు, కొన్నిటికి కళ్ళు తుడుచుకున్నారు. క్లాసు అయిపోయినా మేం కదలకపోతే లేచే డబ్బా ఆఖరున వచ్చింది. 'ఇగ లేస్తరా, ఈడనే పండుకుంటరా?' కింద బటన్లు: లేస్తం, పండుకుంటం.

నేను చదివాను.

"గట్ల కాదు."

నాతో వచ్చిన నల్గొండ అమ్మాయి చదివింది.

"మాట మంచిగనే ఉన్నది గని లోపల నవ్వు లేదు బిడ్డా. నవ్వు దాసుకొని తిట్టాలె."

మళ్ళీ చదివాం. మళ్ళీ కాదన్నారు. అప్పుడు ఆమె గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, తనే అన్నారు.

"ఇగ లేస్తరా, ఈడనే పండుకుంటరా?"

అచ్చం మేడం గొంతు.

తెర మీద రెండు బటన్లూ అలాగే ఉన్నాయి. మేమెవ్వరమూ లేవలేదు.